బసప్ప ఇంటి గచ్చు

మొన్నీమధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. పాత ఇల్లు కొలవడానికి పోతే అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఏంటి సార్ అని అడిగింది. మంచినీళ్లు అడగాలి అన్నాను. పాలమూరు ఎండల గురించి చెబుతున్నాననుకుని, "బాటిల్ తీసుకెళ్తాను సార్" అంది. బాటిల్ ఎందుకు తీసుకెళ్లకూడదో ఫోన్‌లో చెప్పడం నావల్ల కాలేదు. అందుకే ఆమెకూ, ఈ పనిలోకొచ్చే మీ అందరికీ ఇది రాస్తున్నాను.

నేను పాత కట్టడాలు కొలిచి బొమ్మలు గీసే ఉద్యోగం చేశాను. డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, మరమ్మతు పనులు చూసే టెక్నికల్ అసిస్టెంటుగా దిగిపోయాను. మాది ఇటిక్యాల. ఉద్యోగమంతా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టే తిరిగింది. బురుజులు, మెట్లబావులు, సంస్థానాల కాలం నాటి ఇళ్లు. నా ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, దానికి ఎవరు అడ్డుపడ్డారో రాస్తే మీకు నిద్రొస్తుంది, నాకు కోపమొస్తుంది. అది వదిలేస్తున్నాను. ఒక మంచి ఆఫీసరు గురించి, ఒక ఇంటి గురించి, ఆ ఇంటికి నేను చేసిన పాడు పని గురించి మాత్రం చెబుతాను.

విఠల్‌రావు సారు

నాకు పని నేర్పింది విఠల్‌రావు సారు. సన్నటి మనిషి, పెద్ద నోరు. చేరిన వారంలోనే వనపర్తిలో ఒక పాత ఇంటికి తీసుకుపోయాడు. నేను గుమ్మం దాటుతూనే టేపు లాగాను. ఆయన దాన్ని నా చేతిలోంచి గుంజుకున్నాడు.

"అరే, టేపు జేబుల పెట్టు. ముందు కూసో. ఆ తల్లిని మంచినీళ్లడుగు."

"దూప లేదు సార్."

"నీ దూపెవరు అడిగిన్రు? ఆమె నీళ్లు యాడికెల్లి తెస్తదో చూడు. చెయ్యి యాడికి పోతది, తల యాడ వంగుతది, కాలు యాడ చూసి పెడ్తది, అది చూడు. ఇల్లు ఎవరికోసం కట్టిన్రో గప్పుడు తెలుస్తది. టేపుకేం తెలుసు? గోడ పొడుగు తప్ప దానికేం తెల్వదు."

ఆ ఇంటి ముసలామె నీళ్లు తెస్తూ నడిమింట్లో ఒకచోట పక్కకు తిరిగి వచ్చింది. అక్కడ అడ్డమేమీ లేదు. ఎందుకమ్మా అట్ల తిరిగినవు అని సారు అడిగితే ఆమె నవ్వింది. తను కాపురానికొచ్చిన కొత్తలో అక్కడ గుంజ ఉండేదట. గుంజ పోయి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు కానీ, ఒళ్లు మాత్రం ఇంకా దాన్ని తప్పుకుని నడుస్తోంది. మేం అక్కడ తవ్వితే గుంజ కింది రాయి దొరికింది. ఆ రోజు నుంచి ఏ ఇంటికి పోయినా నేను మంచినీళ్లు అడిగాను. విఠల్‌రావు సారు పోయాక కూడా అడిగాను. ఒక్క ఇంట్లో తప్ప.

దివాను వేషం

ఆత్మకూరులో బసప్ప ఇల్లంటే ఆ వాడలో అందరికీ తెలుసు. బసప్ప నూటయాభై ఏళ్ల కిందటి ఆటగాడు, వేషాలు కట్టి జనాన్ని నవ్వించేవాడు. మరుగుజ్జు. మనిషి మూడడుగులకు పైన నాలుగు వేళ్లు ఉండేవాడని చెబుతారు. అటు రాయచూరు దాకా, ఇటు హైదరాబాదు దాకా పేరున్నవాడు. దసరా దర్బారులో అతని ఆట లేకపోతే జనం లేచేవాళ్లు కాదట. అన్నిటికన్నా పేరొచ్చింది దివాను వేషానికి. నేల మీద ఈడ్చుకుపోయే తలపాగా, తనకన్నా పెద్ద దస్త్రం చంకలో పెట్టుకుని వచ్చి, అసలు దివానును పక్కన నిలబెట్టి, శిస్తు ఎందుకు కట్టలేదని దొరనే నిలదీసేవాడట. దొర నవ్వేవాడు. వెనక నిలబడ్డ రైతులు ఇంకా ఎక్కువ నవ్వేవాళ్లు.

ఇట్లాంటి కథలు నేను చిన్నప్పటి నుంచి విన్నాను. పళ్లెంలో కూర్చోబెట్టి దర్బారులోకి మోసుకొచ్చేవాళ్లని, ఒకసారి దొరవారి అతిథి ఎవడో అతన్ని పిల్లాడిలా పైకి ఎగరేసి పట్టుకున్నాడని కూడా విన్నాను. విని నవ్వాను. ఆట అయిపోయాక ఆ మనిషి ఎక్కడికి పోయేవాడు, చెప్పులు ఎక్కడ విడిచేవాడు, చెంబు ఎక్కడ పెట్టుకునేవాడు అన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు చూస్తే నా తప్పు అక్కడే మొదలైంది.

రిటైర్మెంటుకు ఏడాది ముందు శాంతమ్మ వనపర్తిలో మా ఆఫీసుకొచ్చింది. బసప్ప వంశంలో ఆ ఇంట్లో మిగిలింది ఆమె ఒక్కతే. యాభై దాటిన మనిషి, జాకెట్లు కుట్టి బతుకుతుంది. బసప్ప ఎత్తు ఆమెకూ వచ్చింది. నా టేబుల్ అవతల నిలబడితే ముఖం మాత్రమే కనబడింది. కుర్చీ చూపించాను. అది ఎక్కడానికి ఆమె పడ్డ తంటా చూసి, చూపించకపోయినా బాగుండేదనిపించింది.

వాడలో రోడ్డు వెడల్పు చేస్తున్నారు, గుర్తుపెట్టి పోయారు, ఇల్లు పూర్తిగా పోతుందని చెప్పింది. రక్షించాల్సిన కట్టడాల జాబితాలో పేరెక్కితే రోడ్డు గీత కొంచెం పక్కకు జరుగుతుందని ఎవరో చెప్పారట.

"గా ఇల్లు పోతె నాకు ఇంగో ఇల్లు దొరకది సారూ," అంది. "నాకు గదే సరిపోతది."

అందరూ అనే మాటే కదా అనుకున్నాను. పుట్టిన ఇంటి మీద ప్రేమ అనుకున్నాను. దరఖాస్తు తీసుకుని, జాబితా తేల్చే కమిటీ చూడటానికి వచ్చే లోపల ఇంటిని ఒక దారికి తెస్తామని ధైర్యం చెప్పాను. మరమ్మతుకు అభ్యంతరం లేదని ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టించుకున్నాను. ఆమెకు అప్పటికే నడుం నొప్పి. నెలలోపే మహబూబ్‌నగర్ దవాఖానలో వెన్నుకు ఆపరేషన్ అయింది. తర్వాత అమరచింతలో చెల్లెలి దగ్గర మంచం మీదుంది. ఇంటి తాళంచెవి పక్కింటివాళ్ల దగ్గర ఉంచింది.

తాళం తీసి కొలిచాను

నేను పోయేసరికి ఇంట్లో ఎవరూ లేరు. నీళ్లు అడగడానికి మనిషి లేదు. వస్తూ ఆత్మకూరు బస్టాండులో కొన్న బాటిల్ నా సంచీలో ఉంది. అదే తాగి టేపు తీశాను.

ఇల్లంతా కురచగా ఉంది. బయటి తలుపు నాలుగడుగులు. గోడల్లో గూళ్లు మోకాలి ఎత్తున. గడియ నా నడుం కిందికి. దొడ్లో బావి గట్టు ఒక పీటంత. నేను నడుం వంచుకుని తిరిగి, రెండుసార్లు తల కొట్టుకుని, తిట్టుకుంటూ లెక్కలు రాసుకున్నాను.

ఇంత చూసి కూడా అర్థం కాలేదా అని మీరు అడుగుతారు. కాలేదు. మా ఊళ్లల్లో వాడలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తారు. నాలుగు రోడ్లు పడేసరికి వాడ పైకి, ఇళ్లు కిందికి. వాననీళ్లు ఇంట్లోకి రాకుండా జనం లోపల మన్ను పోసి గచ్చు ఎత్తు చేసుకుంటారు. గచ్చు లేస్తే తలుపు కురచవుతుంది, గూళ్లు కిందికొస్తాయి. ఇట్లాంటి ఇళ్లు నేను ఎన్నో చూశాను. లోపలి మన్ను తీయించి, పాత గచ్చు బయటపెట్టి, శభాష్ అనిపించుకున్నాను కూడా.

పైగా మా పాత దస్త్రంలో, ఇది సంస్థానం ఇనాంగా ఇచ్చిన ఇల్లు అని రాసి ఉంది. పక్క వాడలో సంస్థానం కట్టించిన ఇళ్లు ఇంకా రెండు ఉన్నాయి. అదే పోకడ, అవే గూళ్లు, అదే సున్నం. వాటి తలుపులు ఆరడుగులు. ఇక్కడ నాలుగు. అంటే రెండడుగుల మన్ను పడింది. గూళ్లు లెక్క చూసినా రెండడుగులే తేడా. లెక్క అంత అచ్చంగా కుదిరితే నాకు ఇంక వేరే ఆలోచన ఎందుకొస్తుంది? ఒక ఆటగాడి ఎత్తు చూసి ఎవరైనా ఇల్లు కడతారని నా బుర్రకు తట్టనే లేదు. నలుగురినీ నవ్వించేవాడు ఇచ్చిన ఇంట్లో సర్దుకుని ఉంటాడనుకున్నాను.

ఫోటోలు తీశాను. ఎత్తు తెలియడానికి పక్కన స్కేలు కర్ర పెట్టాలి. కర్ర జీపులో ఉండిపోయింది, పోయి తెచ్చుకోవడానికి బద్ధకం. మనిషి లేని, కర్ర లేని ఫోటోలో నాలుగడుగుల తలుపు కూడా మామూలు తలుపులాగే కనబడుతుంది. ఈ ఒక్క మాట మాత్రం మీరు గోడ మీద రాసుకోండి.

బొమ్మ గీసేటప్పుడు రెండడుగుల కింద చుక్కల గీత పెట్టి, "అసలు గచ్చు మట్టం" అని రాశాను. మార్చి నెల, బడ్జెటు ముగిసే కాలం. నా పై అధికారి, మా డిప్యూటీకి పని ముగియడమే కావాలి. ఆయన మరుసటి రోజే సంతకం పెట్టాడు. ఆయన మీద నెట్టేయడానికి లేదు. ఆయన సంతకం పెట్టింది నా గీత మీద.

ఖాజా చెప్పాడు

తవ్వకానికి మేస్త్రీ ఖాజా. నాతో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి, మాట తక్కువ. మొదటిరోజు మధ్యాహ్నం బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ నిలబడ్డాడు.

"సార్, కింద పాత గచ్చు తగుల్తలేదు."

"ఇంకా తవ్వు."

"రెండడుగులు అయింది సార్. పోసిన మన్ను కాదిది. మొరం. పుట్టినకాడి మొరం, ఎన్నడు తవ్వని నేల. పునాది రాళ్లు గూడ బైట పడుతున్నయి. జర ఒకసారి వచ్చి చూడున్రి."

పోయి చూశాను. పునాది రాళ్లు పళ్లలాగా బయటికొచ్చి ఉన్నాయి. గచ్చు కింద ఇంకో గచ్చు లేదంటే తీసిందే అసలు గచ్చు. ఇది మా పనిలో మొదటి సంవత్సరం వాడికి కూడా తెలుస్తుంది. నాకూ తెలిసింది. కానీ అప్పటికే ఆ గచ్చు ముక్కలుముక్కలై ట్రాక్టరులో ఊరి బయటికి పోయింది. "పాతది ఎప్పుడో కొట్టుకపోయి ఉంటది" అన్నాను. ఖాజా నా ముఖం చూసి లోపలికి పోయాడు. పునాది రాళ్ల మీద సున్నం పూయించాను. బయటి గడప కిందికి దించి, చౌకట్టుకు అడుగున కొత్త చెక్క అతికించి, ఆరడుగుల తలుపు చేయించాను. వాడ నుంచి లోపలికి దిగడానికి మూడు మెట్లు కట్టించాను. మామూలు మనుషులు దిగే మెట్లు.

అందని గూడు

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే శాంతమ్మ అమరచింత నుంచి ఆటోలో వచ్చింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఆమె కర్ర పట్టుకుని గడప దగ్గర ఆగిపోయింది. తప్పు ఇంటికొచ్చినట్టు అటూ ఇటూ చూసింది. తర్వాత మెట్ల మీద కూర్చుని, ఒక్కొక్కటే జరుగుతూ లోపలికి దిగింది. సాయం చేయబోతే వద్దంది.

లోపల గోడ దగ్గరికి పోయి దీపం గూటికి చెయ్యి చాచింది. చూడకుండా చాచింది. యాభై ఏళ్లు రోజూ చాచిన చెయ్యి. అది ఉత్త గోడకు తగిలింది. తల పైకెత్తి చూసింది. గూడు ఆమె నెత్తికి పైన ఉంది.

"ఏంది సారూ ఇది?"

నేను ఏదో అన్నాను. అసలు మట్టం, పాత గచ్చు అని ఏదో.

"గిదే పాతది సారూ. మా ముత్తాత ముంగటుండి పోయించిన గచ్చు. సంస్థానమోల్లు ఇల్లు ఇస్తమంటె ఆయన వద్దన్నడంట. మీ ఇండ్లల్ల నాకు గడియ అందదు, ఆటకు పళ్లెం ఎక్కుత గని బతుకుడుకు పీట ఎక్కనని అన్నడంట. గా సంస్థానం మేస్త్రీలనే పిలిపిచ్చి, అన్నీ గట్లనే గని రెండడుగులు తగ్గిచ్చి కట్టుమన్నడు. పైసలు ఆయనవే. దివాను గూడ ఈ ఇంటికొస్తె వంగి రావాలె. గది చూసి ఆయన నవ్వుకుంటుండెనంట." ఆమె గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. "నేను మీకు చెప్పిన గదా సారూ, నాకు గదే సరిపోతదని."

అవును, చెప్పింది. నేనే వినలేదు. ఊరంతా తనను వంగి చూసి నవ్వుతుంటే, ఊరిని తన ముందు వంగేలా బసప్ప చేసుకున్న చోటు అది. అతనికి ఈ భూమ్మీద తన ఎత్తున ఉన్నది ఆ నాలుగు గోడలే. ఆమెకూ అంతే. వాటిని నేను మామూలు మనుషుల ఎత్తుకు తెచ్చి పెట్టాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా సిగ్గుతో ముఖం కాలుతుంది.

సంచీలో పుస్తకం

కమిటీ ముగ్గురు. హైదరాబాదు నుంచి వచ్చారు. హాయిగా తల ఎత్తుకుని లోపలికి దిగారు. అన్నీ చూశారు. వాళ్లలో పెద్దాయన నెమ్మదస్థుడు, మర్యాదగా అడిగాడు.

"కథ బాగుంది. ఇది ఆ కళాకారుడి ఇల్లే అనడానికి ఇంట్లో ఆధారం ఏమైనా ఉందా? ఇది సంస్థానం కట్టించిన మామూలు ఇల్లులాగే ఉంది. పక్క వాడలో రెండు చూశాం."

శాంతమ్మ నా వైపు చూసింది.

నా సంచీలో కొలతల పుస్తకం ఉంది. తలుపు నాలుగడుగులు, గూడు మోకాలి ఎత్తు, గడియ, బావి గట్టు, అన్నీ నా చేత్తో రాసినవి. అది తీసి, అయ్యా ఇల్లు ఇట్లా ఉండేది, తెలియక నేనే తవ్వించాను అని చెబితే చాలు. ఖాజా బయటే ఉన్నాడు, సాక్ష్యం చెప్పేవాడు. ఇల్లు నిలిచేదో లేదో తెలియదు కానీ, నిలవడానికి ఉన్న ఒక్క దారి అదే. నా రిటైర్మెంటుకు ఐదు నెలలుంది. తవ్వించినట్టు ఒప్పుకుంటే విచారణ అంటారు, పెన్షన్ ఆపుతారు, పేపర్లో వేస్తారు. సంచీ మీద చెయ్యి పెట్టి ఇవన్నీ ఆ కాసేపట్లోనే లెక్కేసుకున్నాను. మా డిప్యూటీ గొంతు సవరించుకుని, "జనం చెప్పుకునేదే సార్, రాతపూర్వకంగా ఏం లేదు" అన్నాడు. నేను నేల చూశాను. పెద్దాయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

తెలియక తవ్వడం ఒక తప్పు. అట్లాంటివి ఈ పనిలో అందరం చేస్తాం, మీరూ చేస్తారు. ఖాజా చెప్పాక కూడా సున్నం పూయించడం దానికన్నా పెద్దది. సంచీలో పుస్తకం పెట్టుకుని నోరు మూసుకోవడానికి మాత్రం నేను ఏ పేరూ పెట్టలేకపోయాను.

రిటైరయ్యాక, పెన్షన్ కాగితాలు చేతికొచ్చాక, కొలతలన్నీ జతచేసి పైకి ఉత్తరం రాశాను. అందినట్టు జవాబొచ్చింది. అప్పటికి ఆ ఇల్లున్న చోట రోడ్డు పడింది.

అమరచింత

శాంతమ్మ దగ్గరికి పోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. అమరచింతలో చెల్లెలి ఇంటి పక్కనే కిరాయి గది. తలుపు తెరిచే ఉంది. గోడలకు అరలున్నాయి, మేకులున్నాయి, సిమెంటు అటక ఉంది. అన్నీ ఖాళీ. ఆమె సామానంతా నేల మీదే గోడ వెంబడి వరసగా పెట్టుకుంది. గిన్నెలు, బట్టల మూటలు, దేవుడి పటాలు, దీపం. గడియకు గుడ్డపేలికతో తాడు కట్టుకుంది. కుట్టుమిషన్ మూలన ఉంది. దాని మీద దుమ్ము ఉంది. నడుం సహకరించడం లేదట.

నన్ను చూసి గుర్తుపట్టింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "కూసోండ్రి సారూ" అంది. కుర్చీ లేదు, నేల మీద కూర్చున్నాను. అప్పుడు మా ఇద్దరి ముఖాలూ ఒక ఎత్తుకొచ్చాయి. చేసింది చెప్పాను, నీళ్లు అడగకుండానే తాళం తీసి కొలిచానని చెప్పాను. సంచీలో పుస్తకం ఉందని, తీయలేదని చెప్పాను. ఆమె వింటూ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

"నాకు ఎర్కనే సారూ," అంది. "మీరు సంచి మీద చెయ్యి పెట్టుడు, తీసుడు చూసిన."

నా నోట్లోంచి అదే వచ్చింది, నలభై ఏళ్ల అలవాటు కదా.

"కొంచెం మంచినీళ్లు ఇస్తవా అమ్మా?"

ఆమె చేతులు నేలకు ఆనించి, కుండ దాకా మెల్లగా జరిగి, చెంబు ముంచి తెచ్చింది.

"గీ నీళ్లు గప్పుడే, ఇల్లు కొలిచేటప్పుడే నన్ను పిలిచి అడిగుంటె, నా గూట్లకెల్లి చెంబు తీసి ముంచిచ్చేదాన్ని గదా సారూ."

ఆ నీళ్లు తాగాను.